కాశప్ప చుట్టిన కాయిలు

ఎమ్మిగనూరులో కాశప్ప షెడ్డు ఎక్కడని అడిగితే, ఇంజను ఉన్న రైతు ఎవరైనా చెయ్యెత్తి చూపించేవాడు. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయితేనేం, ఆలూరు దాకా బావుల మీద మూలబడ్డ ఇంజన్లను పలికించిన చెయ్యి అది. ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఇంజను నిలిచిపోతే, పట్నం నుంచి వచ్చిన మనిషి రెండు రోజులు తల పట్టుకున్నాడు. కాశప్ప ఒక్క పూటలో తిప్పి చూపించాడు.

వీటన్నిటినీ మించి ఆయన గొప్పగా చెప్పుకున్నది పడవ మోటారు సంగతి. తుంగభద్ర రేవు గుత్తదారు వెంకటేశులు పడవకు వెనక తగిలించే పాత పెట్రోలు మోటారు ఉండేది. డెబ్బై నాలుగులో దాని కాయిలు, అంటే స్పార్కుకు కరెంటు పుట్టించే తీగచుట్ట, కాలిపోయింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. కాశప్ప సన్నతీగ తెచ్చి తన చేత్తోనే చుట్టి, ఆదోని గాజుల అంగడి లక్క కరిగించి పైన పూశాడు. నాలుగేళ్ళు మోటారు పలుకుతూనే ఉంది.

డెబ్బై ఎనిమిది వానల్లో ఏరు వెడల్పయింది. పడవ చాలా దూరం ఎగువకు పోయి దాటాల్సి వచ్చేది. అప్పటినుంచి మోటారు నడి ఏట్లో నిలిచిపోవడం మొదలుపెట్టింది. మూడుసార్లు నిలిచింది. అరగంట ఆగితే మళ్ళీ పలికేది. కాశప్ప ప్లగ్గు తీసి మసి గీకాడు, పాయింట్ల సందు సరిచేశాడు, పెట్రోలు వాసన చూశాడు. స్పార్కు నీలంగా, పటపటా వస్తోంది.

"మోటారులో తప్పు లేదు వెంకటేశులూ. ఎవరి చెయ్యి పడుతోందో సూసుకో" అన్నాడు నలుగురిలో.

ఆ మాటతో చూపులన్నీ అదే రేవులో తెడ్డుతో గుండ్రటి పుట్టి నడిపే శేషప్ప మీదికి పోయాయి. మోటారు వచ్చాక పుట్టి ఎక్కేవాళ్ళు తగ్గారు మరి. వచ్చే సోమవారం పెద్దలు కూర్చుని అతని పుట్టిని రేవు నుంచి తీసేయిస్తారని ఊళ్ళో అనుకున్నారు.

ఆదివారం పొద్దున శేషప్ప షెడ్డుకు వచ్చాడు. కాశప్ప బోల్టులు విప్పే పానాలన్నీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఏం, ఈడ గూడా ఏమన్నా సెరపల్లనా?"

"నేను ముట్టలేదన్నా. మూడుసార్లూ తాడేసి గట్టుకు లాగింది నేనే. ఒక్క మాట సెప్పు. నేను సెరిపింటే, అరగంటకు దానంతటది యాల బాగవుతాది?"

"నీ తెలివి నాకాడ సూపొద్దు, పో" అన్నాడు కాశప్ప.

శేషప్ప పోయాడు గానీ మాట పోలేదు. కాశప్ప మోటారును షెడ్డుకు తెప్పించి కండెన్సరు మార్చాడు, తీగలు మార్చాడు. అన్నిటినీ అనుమానించాడు, ఒక్క కాయిలును తప్ప.

షెడ్డు పక్కనే ఇంటి వాకిట్లో జొన్నరొట్టెలు చేస్తున్న భార్య జయమ్మ అక్కణ్ణుంచే అంది: "ఊరందర్నీ అనుమానిస్తివి. నువ్వు సుట్టిందాన్ని మాత్రం యాల సూడవు? అది నీ అల్లుడా?"

కాశప్పకు ఒళ్ళు మండింది. కాయిలు ఊడదీసి, పొయ్యి మీంచి దించిన పెనం అంచున పెట్టాడు. కాసేపటికి లక్క వాసన వచ్చింది. వేలితో నొక్కితే మెత్తగా దిగింది. గబగబా బిగించి, ప్లగ్గు ఇంజను మీద ఆనించి తాడు లాగాడు. స్పార్కు లేదు. మళ్ళీ లాగాడు. లేదు. చల్లారనిచ్చి లాగితే నీలంగా మెరిసింది. దూరం పోయి మోటారు కాగినప్పుడల్లా లక్క కరిగి కరెంటు దారి తప్పుతోంది.

"యారికి సెప్పొద్దే" అన్నాడు.

"నేనెందుకు సెప్తా? సెప్పాల్సింది నువ్వు" అంది జయమ్మ.

సోమవారం రేవులో పెద్దలంతా కూర్చున్నాక కాశప్ప లేచి కాయిలు ముందు పెట్టాడు. "తప్పు దీంది. సుట్టింది నేను. శేషప్ప ముట్టలేదు."

"నాలుగేండ్లు నా సెవులు తినిన కాయిలు ఇదేనా అప్పా!" అన్నాడు వెంకటేశులు. జనం గొల్లున నవ్వారు. కాశప్ప తల దించలేదు. పుట్టి రేవులోనే ఉంటుందని పెద్దలు తేల్చారు.

కొత్త కాయిలు కోసం కాశప్ప ఆవలిగట్టుకు పోయి రాయచూరు బస్సు పట్టుకోవాలి. పడవకు మోటారు లేదు. శేషప్ప పుట్టిని గట్టుకు ఆనించి, కాశప్పనూ ఆయన చేతిలోని సంచినీ మార్చి మార్చి చూశాడు.

"సంచిలో ఏముందన్నా?"

"పానాలు."

"ఈడియ్యి. దిగినాక ఇస్తా."

కాశప్ప సంచి ఇచ్చి, పుట్టి నడుమ ముడుచుకుని కూర్చున్నాడు.