నక్షత్రాల లెక్క సరిచూసిన పక్కింటి ఆంటీ

ఈ రోజు బుధవారం. రెండు బకెట్ల బట్టలు ఉతికాను, ఆరు బిందెల నీళ్లు పట్టాను, కిలో చేపలు శుభ్రం చేశాను. పన్నెండింటికల్లా అన్నీ ముగించి, మా అమ్మాయి కాలేజీలో ప్రాజెక్టు చూపిస్తుందంటే మేముండే ఆస్టినాబాద్ నుంచి బస్సెక్కాను.

ఒక గెలాక్సీలోని భారీ నక్షత్ర గుంపుల మీద ప్రాజెక్టు అది. దుమ్ము వెనక దాగినవి మామూలు ఫోటోలో కనబడవట, రేడియో తరంగాల్లో దొరుకుతాయట. ఎక్స్‌రేల్లో కనబడినవాటి జాబితా, రేడియోలో కనబడినవాటి జాబితా రెండింటిలోనూ ఉన్న గుంపులేవో కంప్యూటరే చెప్పిందని పోయిన నెలలో మా అమ్మాయి మురిసిపోయింది. నాకు నమ్మకం కలగలేదు. అప్పుడే ఆ జాబితాల కాగితాలు తీసుకుని, వారం రోజులు స్కేలు పెట్టి అంకెలు వరుస వరుసా సరిచూశాను. మూడు గుంపులు రెండేసి సార్లు లెక్కలోకి వచ్చాయి. ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

ఈ రోజు కాలేజీలో వాళ్ల సారు ఆ దిద్దుబాటునే మెచ్చుకుని, ఎవరు పట్టుకున్నారని అడిగారు. రెండో వరుసలో కూర్చున్న నేను కొంగు సర్దుకున్నాను.

"పడోస్ కీ ఆంటీ, సర్," అంది మా అమ్మాయి. పక్కింటి ఆంటీనట!

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అంది: "టెన్త్ ఫెయిలైన అమ్మ చూసిందంటే సబ్ హసేంగే, అందరూ నవ్వుతారు కదమ్మా."

"సరే, రేపటి టిఫిన్ కూడా ఆ ఆంటీనే అడుగు," అన్నాను.

మీ పిల్లలు మిమ్మల్ని ఎవరని చెబుతున్నారో, ఎప్పుడైనా వెనక కూర్చుని విన్నారా?

ఇంటికొచ్చి చేపలు వేయిస్తుంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు హాడోలో మా బడి గేటు దగ్గరికి చేపల బుట్టతో వచ్చిన మా అమ్మను, స్నేహితురాళ్లకు "ఎవరో చేపలామె" అని చెప్పాను. అమ్మ విని, బుట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

ఆ బాకీ ఈ రోజుతో చెల్లు.