బాల్ జాయింటుకు పెట్టిన బొట్టు

మా అమ్మ ఇంక కారెక్కనని ఒట్టు పెట్టుకున్నది మొగిలి ఘాట్‌లో. తొంభైల చివర్లో మాట. పలమనేరులో ఉండే మా పిన్నమ్మను చూసి చిత్తూరుకు తిరిగొస్తున్నాం. నాయన నడుపుతున్నాడు, అమ్మ ముందు సీట్లో ఉంది, నేను వెనక. ఘాట్ దిగుతుండగా ఎడమ ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది. గుంతలో పడ్డప్పుడల్లా బండి పక్కకు గుంజుతోంది. నాయన ఓరకు తీసి ఆపాడు.

వెనకాలే వచ్చిన లారీ డ్రైవరొకడు ఆగి, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు. "బాల్ జాయింటు అరిగిపోయిండాది సామీ. ఇది ఊడిందంటే చక్రం పక్కకు పండుకుంటాది. నిదానంగా పో" అన్నాడు. మంచికే చెప్పాడు పాపం. అమ్మ తన బుట్ట తీసుకుని దిగింది.

"నేను బస్సుకొస్తా. ఉంటే ఇంటికాడ కలుద్దాం" అంది.

అన్నట్టే బస్సుకు చెయ్యెత్తి ఎక్కి పోయింది. మేమిద్దరం ఎడ్లబండ్లకు కూడా దారిస్తూ ఇల్లు చేరేసరికి ఆమె సంగటి కెలికి పెట్టి కూర్చుంది. "ఇంక ఆ బండ్లో నేను కాలు పెట్టను." మమ్మల్ని చూసి ఆమె అన్న మొదటి మాట అదే.

నాయనకు బెల్లం మండీ ఉండేది. ఒక డాక్టరు వాడి విసుగెత్తి అమ్మేసిన కారది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని తిరగాలనే కొన్నాడని ఇంట్లో అందరికీ తెలుసు, ఆయన మాత్రం ఒప్పుకోడు. ఆమె కూర్చునే సీటుకు ఒక తువ్వాలు పరిచి ఉంచేవాడు. ఆమె ఎక్కనన్నాక ఆ తువ్వాలు మడిచి బీరువాలో పెట్టేశాడు. కోప్పడి ఉంటే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. కోప్పడలేదు, చిన్నబోయాడు. నాకది చూడ్డం కష్టంగా ఉండేది.

నేను అప్పుడు తిరుపతిలో పంతులమ్మను. దసరా సెలవులకు ఇంటికొచ్చాను. విజయదశమికి పలమనేరు రమ్మని పిన్నమ్మ కబురు పంపితే, అమ్మ బస్సులు ఎప్పుడెప్పుడున్నాయో కనుక్కోవడం మొదలుపెట్టింది. నాయన అంగడికి పోయి రెండు కొత్త బాల్ జాయింట్లు తెచ్చాడు. తీరా మెకానిక్కు పండక్కని గుడియాత్తంలో అత్తగారింటికి పోయాడు. మిగతా షెడ్ల వాళ్లు ఆయుధపూజకు సామాన్లు కడగడంలో పడ్డారు.

"ఎవురూ వద్దులే. నేనే ఏస్తా" అన్నాడు నాయన.

వయసులో ట్రాక్టర్లు, బావి మోటార్లు విప్పి బిగించిన మనిషి. పైగా ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. అష్టమి నాడు మధ్యాహ్నం కారుక్కూడా మూడే కాళ్లు మిగిలాయి.

వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తి, ఎడమ ముందు చక్రం ఊడదీసి, బండి కింద చింతమొద్దు ఆనిక పెట్టాడు. ఆ తర్వాత చక్రాన్ని మోసే ఇనప చెయ్యి కింద ఇంకో జాకీ పెట్టాడు. మళ్లీ ఇదెందుకని అడిగాను.

"లోపల స్ప్రింగు ముణుక్కోని కాసుకోనుండాది. దీనికింద ఏమీ పెట్టకుండా నట్టు తీసినామంటే మొగం పగలగొడ్తాది. నువ్వు కొంచెం ఎడంగా కూసో."

బాల్ జాయింటు చూడ్డానికి పిడికెడు సామాను. గిన్నెలో ఒక ఇనప గుండు, ఆ గుండుకు పైకి లేచిన పిన్ను. భుజం కీలు లాంటిదే. గిన్నె ఇనప చేతికి బోల్టులతో బిగించి ఉంటుంది. పిన్ను పోయి చక్రం వెనకుండే మందపాటి ఇనప దుక్కలో దూరుతుంది. పిన్ను పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, దుక్కలో రంధ్రం కూడా అలాగే ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ పిన్ను దాంట్లో కూరుకుని కరచుకుంటుంది. చక్రం నిలబడేది ఆ పట్టుతోనే.

ఏళ్ల తరబడి కరచుకున్నది ఊరికే వదల్లేదు. దుక్కకు ఒక పక్క నేను పెద్ద సుత్తి ఆనించి పట్టుకుంటే, రెండో పక్క నాయన కొట్టాడు. నా చేతులు భుజాల దాకా జిల్లుమన్నాయి. చివరికి టక్కుమని పిన్ను వదిలింది. పాత గుండు ఊగే పన్నులా గిన్నెలో కదులుతోంది. నాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "దీన్ని నమ్మి మీయమ్మను కూసోబెట్టినా" అన్నాడు.

చీకటి పడుతోందని కొత్తది రేపు వేద్దామన్నాడు. రేపంటే ఆయుధపూజ అని ఆయనకు గుర్తు లేదు. అమ్మకు ఉంది. పొద్దున్నే కత్తిపీట, కొడవలి, సుత్తులు, స్పానర్లు అన్నీ కడిగి దేవుని పటాల ముందు పేర్చింది. వాటి మధ్య ఆ కొత్త బాల్ జాయింట్లు రెండూ పెట్టింది. ఎక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి, అన్నిటికంటే ఎక్కువ గంధం వాటికే పూసింది, దాని మీద కుంకుమ బొట్లు పెట్టింది. పూజలో పెట్టిన ఆయుధాన్ని మరునాడు పొద్దున పూజ చేసి ఎత్తేదాకా తాకకూడదు. ఆ రోజంతా నాయన కారు చుట్టూ తిరిగాడు.

విజయదశమి పొద్దున టెంకాయ కొట్టి సామాన్లు ఎత్తుకున్నాం. పిన్ను మీద గంధం ఎండి పెచ్చు కట్టి ఉంది. నాయన చూశాడు, నేనూ చూశాను. ఆయన దాన్ని ఉఫ్ఫున ఊది, బొట్టు బొట్టుగానే ఉంచి ఎక్కించాడు. నట్టు తిప్పితే కొంతదూరం బాగానే వచ్చింది. తర్వాత నట్టుతోపాటు పిన్ను కూడా గిర్రున తిరగడం మొదలుపెట్టింది. కింద జాకీ ఇంకొంచెం ఎత్తి చూశాడు. అప్పుడూ అంతే.

ఆయన దాన్ని మళ్లీ దించి, పెట్రోలులో తడిపిన గుడ్డ చేతికి తీసుకుని ఆగిపోయాడు. గడపలో అమ్మ నిలబడి ఉంది.

"కుంకం తుడస్తావా?" అంది.

"తుడవకుంటే కరుసుకోదు."

"దేముని కాడ పెట్టిన కుంకం. అదీ ఈ పొద్దు. ముత్తైదువ ఇంట్లో ఎవురైనా కుంకం తుడస్తారా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాయన గుడ్డ పట్టుకుని నేల చూస్తున్నాడు. ఆమె భయం బండి గురించి కాదని నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనా నా నోరు ఊరుకోదు కదా.

"అది అట్లే ఉంటే నీ బొట్టే పోతాది" అన్నాను.

పండగ పూట అనకూడని మాట. నాయన తలెత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. అమ్మ మెట్లు దిగి వచ్చి, నాయన ఎదురుగా గొంతుక్కూర్చుని, చెయ్యి చాచింది. ఆయన బాల్ జాయింటు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పిన్ను మీది కుంకుమను బొటనవేలితో ఒత్తి తీసి, తన తాళిబొట్లకు అద్దుకుంది. ఇంకొంచెం తీసి మళ్లీ అద్దుకుంది. ఎరుపంతా అయిపోయాక, మిగిలిన గంధాన్ని కొంగు తడుపుకుని తుడిచింది. ఇనుము తళతళలాడింది.

"ఇప్పుడు బిగీ" అంది. రెండోది తానే తెచ్చి, దాన్ని కూడా అలాగే తుడిచి ఇచ్చింది.

ఈసారి నట్టు తిరిగింది, పిన్ను కదల్లేదు. నాయన స్పానరు మీద బరువంతా వేసి బిగించి, నట్టు వెనక్కి రాకుండా స్ప్లిట్ పిన్ను దూర్చి రెండు కొసలూ వంచాడు. కుడి పక్కది కూడా వేసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పండగయ్యాక చక్రాల వంకర సరిచూపించాలన్నాడు. వీధి కొస దాకా రెండు సార్లు పోయి వచ్చాడు. చప్పుడు లేదు. నేను బీరువాలోంచి తువ్వాలు తెచ్చి సీట్లో పరిచాను.

అమ్మ బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఘాట్ ఎక్కేటప్పుడైతే వస్తా. దిగేటప్పుడు బస్సుకే" అంది. నాయన సరేనన్నాడు. ఘాట్ ఎక్కినంతసేపూ అమ్మ బుట్ట వదల్లేదు.

పలమనేరులో భోజనాలయ్యాక, వక్కాకు మడుస్తూ పిన్నమ్మ అమ్మ మెడ వైపు చూసింది. "తాళికి ఆ మసేందక్కా?"

అమ్మ వేలికి కుంకుమతో పాటు జాయింటు గ్రీజు కూడా అంటుకున్నట్టుంది. తాళిబొట్ల మీద నల్లగా ఉంది. అమ్మ చూసుకుని, తుడుచుకోకుండా పైటలోకి దోపుకుంది.

"కార్ది. ఉండనీ."

"అవునా? సరే, లెయ్యి. నీ బస్సుకు టయిమవుతా ఉండాది" అంది పిన్నమ్మ.

అమ్మ లేచింది. బుట్ట తీసుకుని, వీధిలోకి పోయి, కారు ముందు తలుపు తెరుచుకుని కూర్చుంది. నాయన ఇంకా తిన్నె మీదే ఉన్నాడు, ఆమెను బస్టాండులో దింపాలని చెప్పులు వేసుకుంటూ.

"ఏమయ్యా, ఇంకా ఆడే ఉండావు? పొద్దు గుంకకముందే ఘాట్ దిగొద్దా?" అంది.