బెల్లంతో కళింగపట్నం తీరాన చేపల భోజనం

మా బెల్లం అన్నం ముట్టక పన్నెండు రోజులైంది. ఈ ప్రయాణానికి కారణం అదే. బెల్లం మా కుక్క. నెల్లిమర్లలో మా వీధి చివర కాలవ పక్కన దొరికిన నాటుకుక్క. ఒంటి రంగు చూసి ఆ పేరు పెట్టాం. మాకు పిల్లలు లేరు. ఐదేళ్లుగా మా ఇంట్లో అల్లరి, అలక అన్నీ దీనివే. చిన్నప్పుడు ఓసారి మా ఆయన కంచంలోంచి చేప ముక్క ఎత్తుకుపోయింది. దాంతో ఆయన రెండు నెలలు పట్టుబట్టి దానికి మర్యాద నేర్పాడు. మా ఇద్దరి రాత్రి భోజనం అయి, కంచాలు కుళాయి దగ్గరికి వెళ్లాకే దాని గిన్నె. అంతవరకు గుమ్మం దగ్గర బుద్ధిగా కూర్చోవాలి. ఆయనది ఎలక్ట్రికల్ షాపు. బల్బు కొనడానికి వచ్చినవాళ్లందరికీ ఆ పెంపకం గురించి చెప్పుకున్నాడు.

అలాంటి కుక్క, పెట్టిన గిన్నె వాసన చూసి తల తిప్పేసుకుంటోంది. పొద్దున్న రెండు బిస్కట్లు, కాసిని పాలు, అంతే. పక్కటెముకలు లెక్కపెట్టేలా తయారైంది. పశువుల డాక్టరు రక్తపరీక్ష చేయించి, రోగమేమీ లేదన్నాడు, సోమవారానికీ ఇలాగే ఉంటే సెలైన్ ఎక్కించాలన్నాడు. నాకు భయం పట్టుకుంది. ఫోన్లో వెతుకుతుంటే కళింగపట్నం దగ్గర సరుగుడు తోటలో, కుక్కల్ని కూడా రానిచ్చే చేపల బార్బెక్యూ ఒకటి కనిపించింది. చేపంటే బెల్లానికి ప్రాణం. ఆదివారం షాపు ఎలాగూ మూతే కదా, పదమన్నాను.

బస్సులో కుక్కను ఎక్కించుకోరు కాబట్టి మా వీధిలోనే ఉండే అప్పన్న కారు మాట్లాడుకున్నాం. పెట్రోలుతో కలిపి రానూపోనూ మూడువేల రెండొందలు. బెల్లాన్ని చూడగానే అప్పన్న మొహం మాడ్చుకున్నాడు.

"సీటంతా బొచ్చయిపోతాది అక్కా. రేపు పెళ్లోళ్లు ఎక్కాల."

"దుప్పటి పరుస్తాన్రా. మా బెల్లం నీకన్నా శుభ్రంగానే ఉంటాది," అన్నాను. అప్పన్న నవ్వలేదు కానీ తలుపు తీశాడు.

తొమ్మిదిన్నరకు బయలుదేరి రామతీర్థం మీదుగా రణస్థలం వెళ్లి హైవే ఎక్కాం. రామతీర్థం కొండలు కనిపించగానే కిటికీలోంచి తల బయటపెట్టి మొరగడం దీనికి అలవాటు. ఈసారి నా ఒళ్లో తల పెట్టుకుని కళ్లు కూడా తెరవలేదు. ఎచ్చెర్ల దగ్గర టీకి ఆగాం. వేడివేడి పునుగులు కనిపిస్తున్నా నేను వద్దన్నాను. మా ఆయనకు సందు దొరికింది.

"మీ అక్క డైటు సేస్తన్నాది రా. సాయంత్రం ఐదున్నరకే తినీసి నోరు కట్టీసుకుంటాది. నాను తొమ్మిదికొచ్చి టీవీతో కబుర్లు సెప్పుకుంటా తింతన్నాను."

అప్పన్న ఆ మాట వినడం లేదు. వెనక తలుపు తీసి బెల్లానికి నీళ్లు పడుతున్నాడు. మళ్లీ బయలుదేరాక, "ఏసీ దానికేసి తిప్పీనక్కా," అన్నాడు మెల్లగా.

శ్రీకాకుళం దాటి కళింగపట్నం రోడ్డు పట్టుకుని, పన్నెండుంపావుకు చేరాం. మొత్తం తొంభై కిలోమీటర్ల దాకా అవుతుంది. తోటలో ఇసుక మీద పొట్టి బల్లలు, ప్రతి బల్ల కాలికీ గొలుసు తగిలించడానికి ఇనుప రింగు, పక్కన నీళ్ల బకెట్టు. బొగ్గుల మీద చేప కాలుతున్న వాసనకు నాకే డైటు మరుపొచ్చింది. ఇక్కడ పద్ధతేమిటంటే, కుక్క గోల చేయకుండా ముందు దాని గిన్నె తెచ్చేస్తారు. ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముల్లు తీసి, అన్నంలో కలిపిన చేప, నూట ఎనభై. మాకు కాల్చిన వంజరం ముక్కలు, పుల్లలకు గుచ్చిన రొయ్యలు, అన్నం, అన్నీ కలిపి పదమూడొందల యాభై.

బెల్లం గిన్నె వైపు చూసింది. లేచింది. వాసన చూసింది. అది వెనక్కి వచ్చి నా చెప్పుల పక్కన కూర్చుని మా మొహాల వైపు చూడసాగింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇంత దూరం తెచ్చి, ఇంత ఇష్టమైన చేప పెట్టినా తినకపోతే ఇంకేం చెయ్యను? మా వంజరం అలాగే చల్లారిపోతోంది.

బొగ్గుల దగ్గర చేపలు తిప్పుతున్న పోలమ్మ, అరవయ్యేళ్ల మనిషి, పట్టకారు పట్టుకునే మా దగ్గరికి వచ్చింది.

"అలా గుడ్లప్పగించి సూస్తే అదేటి తింతాది తల్లీ?"

"పన్నెండు రోజులు బట్టి ఏటీ ముట్టట్లేదమ్మా."

"ఇంటి కాడ ఎప్పుడెడతారు దీనికి?"

"మేం తిన్నాకే," అన్నాడు మా ఆయన. అంత దిగుల్లోనూ గర్వం పోలేదు. "మా ఇద్దరి కంచాలు లెగిస్తే గానీ ముట్టదు. నానే నేర్పీను."

"మరి ఇప్పుడు మీరు తిన్నారేటి?"

మేం చల్లారిన చేప వైపు చూశాం. పోలమ్మ వదల్లేదు. "పోనీ, ఇంటి కాడయినా ఇద్దరూ ఒక్కపాలి తింతన్నారా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను రొయ్యల వైపు చూశాను. నా డైటుకి సరిగ్గా పన్నెండు రోజులు. ఐదున్నరకు నేను ఒక్కదాన్నే తినేసి, పనిలో పనిగా బెల్లం గిన్నె కూడా పెట్టేస్తున్నాను. తొమ్మిదికి ఆయన మంచం మీద టీవీ ముందు తిని, కంచం అక్కడే వదిలేసి నిద్రపోతున్నాడు. ఆ కంచం పొద్దున్నదాకా లేవదు, అప్పటికి గిన్నెలో అన్నం పాచిపోయిందని నేను పారేస్తున్నాను. కంచాలు రెండూ కలిసి లేస్తాయని బెల్లం గుమ్మం దగ్గర కాపలా కాస్తూనే ఉంది.

"తినండి ముందు," అని పోలమ్మ మా ముక్కలు మళ్లీ వేడిచేసి తెచ్చింది. బెల్లం వైపు చూడకుండా తిన్నాం. మొదటి ముద్ద తర్వాత నేను వంజరం మీద జాలి చూపించలేదు. మా ఆయన లేచి, రెండు కంచాలూ తనే ఎత్తి, నీళ్ల కుళాయి దగ్గర చప్పుడయ్యేలా పెట్టాడు. బెల్లం చెవులు నిక్కాయి. నేరుగా గిన్నె దగ్గరికి వెళ్లి, అడుగు నాకేదాకా తల ఎత్తలేదు. నేను ఏడ్చేశాను. అప్పన్న ఇంకో గిన్నె తెప్పించి, దాని డబ్బులు తనే ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో రామతీర్థం కొండల దగ్గర బెల్లం అప్పన్న చెవిలోనే మొరిగింది. మందులు, పరీక్షలు, డాక్టర్లు అని తిరిగాం కానీ, మేం కలిసి తినడం మానేశామన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. అది మా ఇంట్లో బెల్లానికొక్కదానికే పట్టింది. ఇప్పుడు ఆయన ఎనిమిదికే షాపు కట్టేస్తున్నాడు. నా డైటు కూడా ఎనిమిదికి జరిగింది, బరువు సంగతి అడగకండి. మీరూ కుక్కతో ఇలాంటి చోటికి వెళ్తుంటే ముందురోజే ఫోన్ చేసి, మీ ఇంట్లో అది ఏ వేళకు, ఎవరి తర్వాత తింటుందో చెప్పి, గిన్నె అప్పుడే తెమ్మనండి. ఎవరి తర్వాతో మీకే గుర్తులేకపోతే మాత్రం, ఆ రాత్రి ఇంట్లో కలిసి కూర్చుని తిన్నాకే ఫోన్ చేయండి.