నీళ్ళలో దిగని పెద్దాయన

జర్మనీలో రైన్ నది ఒడ్డున మా అపార్ట్‌మెంట్లోనే ఉండేవారు ఆ పెద్దాయన. ఎప్పుడో గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి, రంగుల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. వేసవిలో మాతో నది దాకా వచ్చేవారు గానీ, నీళ్ళలో మాత్రం దిగేవారు కాదు.

ఒక ఆదివారం మా పాప ఒడ్డున నీళ్ళలో చేపపిల్లల్ని చూసి, "ఓపా, కొమ్!" అని జర్మన్‌లో తాతని రమ్మన్నట్టు పిలిచి, ఆయన చెయ్యి పట్టి లాగింది. ఆయన కదల్లేదు.

"నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి అంకుల్," అన్నాను.

"ఇప్పుడు శుభ్రమేనమ్మా. అప్పట్లో మా ఫ్యాక్టరీ రంగునీళ్ళు ఇందులోకే వదిలేవాళ్ళం. చేపలు చచ్చి తేలితే ఊరివాళ్ళు గేటు దగ్గర ధర్నా చేశారు. ఆ నీళ్ళతో ప్రమాదమేమీ లేదని వాళ్ళకి నచ్చజెప్పింది నేనే."

"అప్పుడు చట్టాలు ఇంత గట్టిగా లేవేమో కదా?"

"చట్టం లేకపోతేనేం, నాకు తెలుసు కదా! వాళ్ళు కొట్లాడి చట్టాలు తెప్పించారు, శుద్ధి ప్లాంటు పెట్టించారు. నేను ఫ్యాక్టరీవైపు నిలబడ్డాను."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. తెలుగు సరిగా అర్థంకాని మా పాప, ఓపా ఎందుకు ఏడుస్తున్నారని నన్ను అడిగింది. ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన నన్ను ఆపి, దాని పక్కన ఇసుకలో కూర్చుని, అదంతా జర్మన్‌లో మొదటినుంచి చెప్పారు.