విప్పు కాదన్న ఎంపీటీసీ

వేర్వేరు దేశాల చట్టసభల్లో సభ్యులు ఎంతవరకు పార్టీ చెప్పినట్టే ఓటేస్తారన్నది నా పత్రం. క్యాంపస్‌లో సెమినార్‌లో దాన్ని చదవడం ముగించేసరికి హాల్లో ఏడుగురే మిగిలారు. అలసిపోయి తార్నాక బస్టాపులో కూలబడ్డాను. అనంతపురం చేరేసరికి మళ్లీ తెల్లారుతుంది.

పక్కన కూర్చున్న నడివయసామె నా సెమినార్ సంచి చూసి, దేని గురించని అడిగింది. చెప్పాను.

"నేను ఎంపీటీసీగ చేసిన సార్. మండలాధ్యక్షుని ఎన్నికల పార్టీ విప్పు కాదని అవతలోళ్లకు చెయ్యెత్తిన. పదవి పోయింది."

సిద్ధాంతం నచ్చకనా, వాళ్లేమైనా ఆశ చూపారా అని అడిగాను. నా పత్రంలో ఉన్న కారణాలు అవే.

"గవేం లేవు. మా పార్టోళ్లే మమ్ముల మూడు దినాలు లాడ్జిల పెట్టి ఫోన్లు గుంజుకున్నరు. ఇంటికాడ నా బిడ్డకు జరం. ఒక్కసారి మాట్లాడనియ్యుండ్రని బతిమాలినా ఇయ్యలే. గా కోపంల ఎత్తిన."

ఇరవై ఏళ్లుగా ఇలాంటి ఓట్లనే చదువుతున్నాను. వేసినవాళ్లలో ఒక్కరితోనూ మాట్లాడలేదు.

"పాపకు తగ్గిందామ్మా?" అన్నాను.

"తగ్గింది సార్. గీడ్నే హాస్టల్ల దింపొస్తున్న. పొలిటికల్ సైన్సే చదువుతదట. వద్దంటే ఇంటదా?"