చూడకుండా నింపిన గడులు

మొన్న మా మనవరాలు పుట్టిన పదో రోజున మా అమ్మాయి దాని కాలికి మెత్తటి పట్టీ ఒకటి చుట్టి, పాప ఒంటి వేడి ఎప్పటికప్పుడు ఫోన్‌లో కనపడుతుంది కనుక ఇక నేను బెంగ పెట్టుకోనక్కర్లేదని చెప్పింది. నేను ఊఁ కొట్టి, తను వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, చేతి వెనకభాగంతో పాప పాదం తడిమి చూశాను. వేడి అంకెలంటే నాకు అనుమానం, అది ఈనాటిది కాదు.

మా అమ్మాయి ఏడో నెలలోనే పుట్టింది. అప్పట్లో నేను ద్రాక్షారామం దగ్గర ఒక కోళ్ల హేచరీలో పనిచేసేవాణ్ణి. గుడ్లు పొదిగే పెట్టెల్లో గంటగంటకీ వేడి చూసి చార్టులో రాయడం నా ఉద్యోగం. పాత పనివాళ్లు గుడ్డును మూసిన కనురెప్పకు ఆనించుకుని వేడి చెప్పేస్తుంటే నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్విన నేనే భోజనం చేసొచ్చి, పొద్దుటి నుంచీ ఖాళీగా ఉన్న గడులన్నిటినీ తొంభై తొమ్మిదిన్నర, తొంభై తొమ్మిదిన్నర అని ఒక్క ఊపున నింపేసేవాణ్ణి. ఒకసారి ఒక పెట్టెలో గుడ్లన్నీ చల్లబడి పిల్లలు కాలేదు. యజమాని గారు కరెంటును తిట్టుకుంటే నేనూ ఆయనతో కలిసి తిట్టాను. ఈ మాట ఇంతవరకూ మా ఆవిడకి కూడా చెప్పలేదు, మన వయసువాళ్లు కనుక మీకు చెబుతున్నాను.

అలాంటివాడి కూతుర్ని రాజమండ్రి ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టి, పక్కన ఒక చార్టు తగిలిస్తే వాడు కుదురుగా ఎలా ఉంటాడు? కేజీన్నర కూడా లేని పిల్ల, ఒళ్లు చల్లబడితే దక్కడం కష్టమని డాక్టరు గారు ముందే చెప్పారు. మా ఆవిడ ఆపరేషనయ్యి, బీపీ తగ్గక పై అంతస్తులో ఉంది. నేను తలుపు అద్దంలోంచి సిస్టరు గారి చేతినే చూస్తూ నిలబడేవాణ్ణి. ఆవిడ పెట్టె మీదికి వంగేది, లేచి రాసేది. దూరం నుంచి గడులన్నీ ఒకే సిరాతో, ఒకే పొందికతో కనపడేవి, ఆ పొందిక ఎలా వస్తుందో నాకు బాగా తెలుసు. టీ తాగి వచ్చేసరికి ఇంకో గడి నిండి ఉంటే, నేను లేనప్పుడే ఎందుకు రాసిందా అని అనుమానం తొలిచేసేది.

అయిదో రోజున పాపను నా ఛాతీకి ఆనించి కట్టుకోమన్నారు. దాంతో అనుమానం రెండింతలైంది. పెట్టె పాడయిందా, లేక ఎవరో డబ్బున్నవాళ్ల బిడ్డకి కావాల్సొచ్చిందా అని సిస్టరు గారిని నిలదీశాను.

“పెట్టె బాగానే ఉందండి. అమలాపురం నుంచి ఇంకో బిడ్డ వస్తోంది, అదీ నిజమే. మీ పాపకిప్పుడు మీ ఒంటి వేడి చాలండి. చొక్కా విప్పండి.”

విప్పాను. టోపీ, డైపరు తప్ప ఏమీ లేని పిల్లని నా గుండెల మీద పడుకోబెట్టి, చుట్టూ గుడ్డ బిగించి, ఆవిడ థర్మామీటరూ చార్టూ నా చేతికిచ్చింది.

“నాలుగు రోజులుగా మీరు నన్ను కనిపెట్టి చూడడం నేనూ గమనిస్తున్నానండి. ఇక మీరే రాయండి. చూసి రాయండి.”

తలెత్తలేక చార్టులోకి చూశాను. తొంభై ఏడు పాయింట్ ఎనిమిది, తొంభై ఎనిమిది, తొంభై ఏడు పాయింట్ తొమ్మిది. ఒకచోట తొంభై ఆరున్నర, పక్కనే పాదాలు చల్లగా ఉన్నాయనీ డాక్టరుకు చెప్పాననీ రాసి ఉంది. నిజంగా చూసి రాసిన అంకెలు అన్నీ ఒకేలా ఉండవు, ఆ సంగతి నాలా రాసినవాడికి ఇట్టే తెలిసిపోతుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ప్రతి గడీ చూసే రాశాను. మా పిల్ల దక్కింది. తిరిగి హేచరీకి వెళ్లాక, ఇన్నాళ్లూ తిన్నగా ఉన్న వేడి ఇప్పుడెందుకు పైకీ కిందికీ ఆడుతోందని యజమాని గారు నా చార్టును అనుమానించారు.

ఇప్పుడు పట్టీయే చూస్తుంది, ఫోనే రాసుకుంటుంది. నాలాంటివాళ్లకి అందులో చోటు లేదు, మంచిదే. కానీ ఆ సిస్టరు గారిలాంటివాళ్లకీ చోటు లేకుండా పోతోందేమోనని దిగులుగా ఉంటుంది.

నిన్న పాపను నా ఒళ్లో పెట్టి, పక్కన ఫోన్ ఉంచి వెళ్లింది మా అమ్మాయి. ఆ చిన్న పాదాన్ని మూసిన కనురెప్పకు ఆనించుకున్నాను. వెచ్చగా ఉంది. ఫోన్‌లో ఎంతుంది నాన్నా అని లోపలినుంచి అడిగింది. చూడలేదమ్మా అని ఉన్నమాటే చెప్పాను.