సొరంగంలో కిటికీ వైపు

ఆఫీసులకు భోజనాలు పంపే మా చిన్న సంస్థ మెయిళ్ళన్నీ స్పామ్‌లో పడుతున్న రోజులవి. ఆ ఉత్తరాది నగరం మెట్రోలో ఫోను పట్టుకుని డొమైన్ సెట్టింగులను తెలుగులో తిట్టుకుంటుంటే, పక్కసీటు పెద్దావిడ తొంగిచూశారు.

“ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండున్నాయి చూడమ్మా. మన పేరుతో మెయిల్ ఎవరు పంపొచ్చో చెప్పేది ఒకటే ఉండాలి. రెండూ కలిపెయ్.”

ఫోను చేతికివ్వబోయాను.

“వద్దు, నువ్వే చెయ్యి. నేను చెబుతా.”

సేవ్ చేయబోతే సైటు మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది. ఆవిడ చటుక్కున కిటికీ వైపు తిరిగారు. రైలు సొరంగంలో ఉంది. బయట చీకటి తప్ప ఏమీ లేదు. నేను రెండుసార్లు తప్పు కొట్టాను. ఆవిడ తల తిప్పలేదు.

“అయిందా?”

“అయింది ఆంటీ.”

అప్పుడే ఇటు తిరిగి, “గంటాగి చూడు, ఠీక్ హై?” అని దిగిపోయారు.

సాయంత్రానికి మెయిళ్ళు ఇన్‌బాక్సులకు చేరాయి.

ఇప్పుడు మా వంటావిడ ఫోను బాగుచేయమని ఇస్తే, లాకు తననే తీయమని చెప్పి, నేను గోడకేసి చూస్తాను.